ఆరోగ్య సమస్యను హక్కుగా అడగడం ఎలా?

ఒక పట్టణంలో ఒకే పేటలో పిల్లలకు ఏటా వాంతులు, విరేచనాలు పట్టుకుంటున్నాయనుకుందాం. అధికారులు వైద్య శిబిరం పెడతారు, మాత్రలు పంచుతారు, నాలుగు రోజులకు సద్దుమణుగుతుంది. మరుసటి ఏడాది మళ్లీ అదే కథ. పేటవాళ్లు అడిగేదల్లా ఇంకో శిబిరం, ఇంకొన్ని మందులు. అడిగే తీరు కూడా దయ చూపమన్నట్టే ఉంటుంది. ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే మన ఖర్మ అని సరిపెట్టుకుంటారు.

ఇదే సమస్యను హక్కుగా పట్టుకుంటే అడగాల్సిన ప్రశ్నలు వేరే వస్తాయి. నీళ్ల పైపు ఎప్పటి నుంచి పాడై ఉంది? బాగుచేయాల్సింది ఎవరు? పక్క పేటలో కొత్త పైపు వేసి ఇక్కడ ఎందుకు వదిలేశారు? ఆ నిర్ణయం ఏ కాగితం మీద ఉంది? వీటికి జవాబు చెప్పి తీరాల్సిన మనిషి ఎక్కడో ఒక కుర్చీలో ఉంటారు. ఆ మనిషి దాకా ఎలా వెళ్లాలో, వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలో వరసగా చెబుతాను. మీరు ఏ దేశంలో ఉన్నా పద్ధతి ఇదే. అర్థమయ్యేందుకు ఈ పేట ఉదాహరణనే చివరిదాకా పట్టుకుందాం.

హక్కు ఎక్కడ రాసి ఉందో ముందు చూసుకోండి

"ఆరోగ్యం మా హక్కు" అనగానే "ఎక్కడ రాసుంది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం మీద 1946లో 61 దేశాలు సంతకాలు చేశాయి. అది 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది. మనిషి అందుకోగలిగినంత మంచి ఆరోగ్యం ప్రతి ఒక్కరి ప్రాథమిక హక్కు అని అందులో ఉంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, సామాజిక సేవలు అన్నిటినీ ఒకేచోట చేర్చింది. దేశాలను చట్టపరంగా కట్టిపడేసే పత్రం మాత్రం 1966లో వచ్చింది. దాని పేరు ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక. 1976 నుంచి అమల్లో ఉంది, 170కి పైగా దేశాలు అందులో భాగం. దాని 12వ అధికరణం ఆరోగ్య హక్కు గురించే. మహిళల విషయమైతే 1979 ఒప్పందంలోని 12వ అధికరణం, పిల్లలదైతే 1989 ఒప్పందంలోని 24వ అధికరణం, వికలాంగులదైతే 2006 ఒప్పందంలోని 25వ అధికరణం చూడండి.

మీ దేశం వీటిలో వేటిని ఆమోదించిందో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వెబ్‌సైట్‌లో దేశం పేరు పెట్టి వెతికితే తెలుస్తుంది. సంతకం చేయడం వేరు, ఆమోదించడం వేరని గుర్తుంచుకోండి. 1966 ఒడంబడిక మీద అమెరికా 1977లో సంతకం చేసింది కానీ ఇంతవరకూ ఆమోదించలేదు.

తర్వాత మీ దేశ రాజ్యాంగం, చట్టాలు చూడండి. స్థానిక అధికారి ముందు అంతర్జాతీయ ఒప్పందం కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి. రాజ్యాంగంలో ఆరోగ్య హక్కు అన్న మాట నేరుగా లేదని నిరాశపడొద్దు. భారత్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక మనిషిని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆస్పత్రులు చేర్చుకోకుండా తిప్పి పంపేశాయి. ఆ కేసులో సుప్రీంకోర్టు 1996లో, అత్యవసర చికిత్స అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని చెప్పి పరిహారం ఇప్పించింది. జీవించే హక్కు చాలా దేశాల రాజ్యాంగాల్లో ఉంటుంది.

ఇన్ని పత్రాలు చదివే ఓపిక లేకపోతే ఒక్కటే చదవండి. ఒడంబడిక అమలును చూసే ఐరాస కమిటీ 2000లో ఇచ్చిన 14వ సాధారణ వ్యాఖ్య, అంటే ఒడంబడికకు ఆ కమిటీ రాసిన వివరణ. ఆరోగ్య హక్కంటే ఆచరణలో ఏమిటో అంత వివరంగా చెప్పిన పత్రం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే కొలమానాలు చాలావరకు దానిలోవే.

వ్యాధి దగ్గర ఆగిపోకండి

1848లో అప్పర్ సైలీషియాలో (ఇప్పుడు చాలావరకు పోలాండ్‌లో ఉన్న ప్రాంతం) టైఫస్ జ్వరాలు ఎందుకు ప్రబలాయో చూసి రమ్మని, అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్చో అనే 26 ఏళ్ల డాక్టరును పంపింది. మందులు సూచిస్తాడనుకున్నారు. అక్కడి పోలిష్ మాట్లాడే పేదలకు చదువు, వాళ్ల భాషలో పాలన, న్యాయమైన పన్నులు, రోడ్లు, స్వపరిపాలన కావాలని ఆయన నివేదిక రాశాడు. మైకేల్ మార్మట్ అనే బ్రిటిష్ ఆరోగ్య పరిశోధకుడి నాయకత్వంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సంఘం 2008లో ప్రపంచవ్యాప్తంగా సాక్ష్యాలు సేకరించి దాదాపు ఇదే మాట చెప్పింది. మనుషులు ఎక్కడ పుట్టి, ఎలా పెరిగి, ఏ పని చేసి, ఎలాంటి పరిస్థితుల్లో ముసలివాళ్లవుతారన్నదే వాళ్ల ఆరోగ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని సమస్యను పైన రాయండి. దాని కింద "ఎందుకు?" అని వేసుకుంటూ పోండి. పిల్లలకు విరేచనాలు ఎందుకు? నీళ్లలో మురుగు కలుస్తోంది. ఎందుకు? పైపు పగిలి మురుగు కాల్వలోంచి వెళుతోంది. ఎందుకు మార్చలేదు? మార్చాల్సిన పైపుల జాబితాలో ఈ పేట లేదు. ఎందుకు లేదు? ఇళ్లకు సరైన కాగితాలున్న వీధులనే జాబితాలో చేర్చాలని ఎవరో నియమం పెట్టారు.

ఆ చివరి జవాబు చూడండి. అది వైద్యానికి సంబంధించింది కాదు. ఇళ్ల గురించి, భూమి గురించి ప్రభుత్వం తీసుకున్న విధాన నిర్ణయం. పిల్లలను మంచాన పడేస్తున్నది ఆ నిర్ణయమే. ఇలా మనిషి చేసిన ఒక నిర్ణయం తగిలేదాకా ఆగొద్దు. మధ్యలో ఆగితే శిబిరాలే మిగులుతాయి.

ఆరోగ్య హక్కు ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోదు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, తగినంత తిండి, ఇల్లు, ప్రాణానికి ప్రమాదం లేని పని పరిస్థితులు, ఆరోగ్య సమాచారం అన్నీ అందులో భాగమని 14వ సాధారణ వ్యాఖ్య స్పష్టంగా చెబుతుంది. నీటి విషయంలో ఇంకా గట్టి ఆధారాలున్నాయి. 2010 జులై 28న ఐరాస సర్వసభ్య సభ సురక్షితమైన తాగునీటిని, పారిశుధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, వ్యతిరేకంగా ఒక్కటీ వేయలేదు. అంతకు ముందే, 2002లో అదే కమిటీ ఇచ్చిన 15వ సాధారణ వ్యాఖ్య, ఇంటి స్థలానికి కాగితాల్లేవన్న కారణంతో ఏ ఇంటికీ నీటి హక్కును నిరాకరించకూడదని చెప్పింది. మన పేట సమస్యకు సరిగ్గా సరిపోయే వాక్యం అది.

సగటు లెక్కను విడదీయండి

అధికారుల దగ్గరికి వెళితే ముందు వచ్చే జవాబు సగటు లెక్క. "పట్టణం మొత్తమ్మీద విరేచనాల కేసులు తగ్గాయండీ." నిజమే కావచ్చు. పది పేటల్లో బాగా తగ్గి ఒక పేటలో పెరిగినా సగటు తగ్గినట్టే చూపిస్తుంది. ఆ ఒక్క పేట పిల్లలు లెక్కలో కలిసిపోయి కనిపించకుండా పోతారు.

హక్కుల దృష్టిలో మొదటి ప్రశ్న ఎంతమందికి అందింది అన్నది కాదు, ఎవరికి అందలేదు అన్నది. అందుకే దొరికిన లెక్కలను ప్రాంతం, ఆడ మగ, వయసు, ఆదాయం, కులం లేదా జాతి, మతం, భాష, వైకల్యం, పౌరసత్వం లేదా వలస స్థితి ప్రకారం విడదీసి ఇవ్వమని అడగండి. సమాచార హక్కు చట్టం ఉన్న దేశమైతే దాని కింద దరఖాస్తు పెట్టండి. అడిగేటప్పుడు "వివరాలు ఇవ్వండి" అని వదులుగా రాయొద్దు. ఏ కాలానికి, ఏ వార్డులవారీగా, ఏ రిజిస్టరు నుంచి అన్నది స్పష్టంగా రాయండి. "అలా విడిగా లెక్కలు రాయడం లేదు" అని జవాబొస్తే అది కూడా మీకు ఉపయోగపడే సాక్ష్యమే. ఎవరు వెనకబడుతున్నారో చూడనే చూడని వ్యవస్థ వివక్షను ఆపలేదు కదా. ఆ జవాబు కాగితాన్ని భద్రపరచండి.

అధికారిక లెక్క లేకపోతే మీరే ఒకటి తయారుచేయొచ్చు. దానికి పెద్ద సర్వే అక్కర్లేదు. మీ పేటలోనూ, బాగున్న పక్క పేటలోనూ ఒకే నాలుగైదు ప్రశ్నలు ఇంటింటా అడగండి. పిల్లలకు ఎన్నిసార్లు జబ్బు చేసింది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎన్ని గంటలు వస్తున్నాయి, వైద్యానికి ఎంత ఖర్చయింది. ఎవరు అడిగారు, ఏ తేదీన, ఎన్ని ఇళ్లలో అన్నది రాసుకోండి. జవాబు చెప్పని ఇళ్ల సంఖ్య కూడా దాచకుండా రాయండి. పోల్చడానికి రెండో పేట లేకపోతే మీ లెక్క బలం సగానికి తగ్గిపోతుంది.

నాలుగు పరీక్షలు పెట్టి చూడండి

ఏ ఆరోగ్య సేవనైనా కొలవడానికి 14వ సాధారణ వ్యాఖ్య నాలుగు కొలమానాలిచ్చింది.

మొదటిది లభ్యత. సేవ, మందు, సిబ్బంది, నీరు అసలు తగినంత ఉన్నాయా? భవనం కట్టి నర్సును వేయకపోతే ఆ భవనం లెక్కలోకి రాదు.

రెండోది అందుబాటు. గొడవంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. ఇందులో నాలుగు విషయాలున్నాయి. వివక్ష లేకుండా అందరినీ ఒకేలా చూస్తున్నారా? ముసలివాళ్లు, గర్భిణులు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఒంటరిగా అక్కడికి చేరుకోగలరా? ఖర్చు భరించగలిగేలా ఉందా? కావాల్సిన సమాచారం వాళ్లకు అర్థమయ్యే భాషలో దొరుకుతోందా? ఖర్చు లెక్కించేటప్పుడు ఫీజుతో ఆగకండి. రానుపోను చార్జీలు, ఆరోజు పోయిన కూలి, బయట కొన్న మందులు కలపండి. ఉచిత వైద్యం అని బోర్డున్న చోట కూడా ఇవి కలిపితే పేద కుటుంబం అప్పులపాలవుతుంది. 2021 నాటికి ప్రపంచంలో దాదాపు 450 కోట్ల మందికి తప్పనిసరిగా అందాల్సిన ఆరోగ్య సేవలు పూర్తిగా అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ప్రకటించాయి. మీ పేటవాళ్లు ఆ అంకెలో ఎందుకున్నారో ఈ రెండో పరీక్షే చాలాసార్లు చెబుతుంది.

మూడోది ఆమోదయోగ్యత. రోగి గౌరవానికి, గోప్యతకు భంగం కలగకుండా సేవ అందుతోందా? ప్రసవానికి వచ్చిన ఆడవాళ్లను తిట్టే చోటికి, రోగం పేరు వరండాలో అందరూ వినేలా చదివే చోటికి మళ్లీ ఎవరూ రారు. రాకపోతే "ప్రజలకు అవగాహన లేదు" అని రాసేస్తారు.

నాలుగోది నాణ్యత. మందుల గడువు, పరికరాలు, శిక్షణ, ఆస్పత్రిలో నీళ్లు, శుభ్రత.

బాధ్యత ఎవరిదో పేరుతో, హోదాతో తేల్చండి

ప్రభుత్వానికి మూడు రకాల బాధ్యతలుంటాయి. ఒకటి, తాను హాని చేయకూడదు. రెండు, ఇతరులు, అంటే కంపెనీలు, ప్రైవేటు ఆస్పత్రులు, యజమానులు హాని చేయకుండా ఆపాలి. మూడు, అవసరమైనవి సమకూర్చాలి. మీ సమస్య ఇందులో ఏ రకమో తేల్చుకుంటే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఫ్యాక్టరీ వ్యర్థాలు నీళ్లలో కలుస్తుంటే కాలుష్య నియంత్రణ అధికారి, పైపు మార్చకపోతే నీటి సరఫరా శాఖ.

"ఆ ఆస్పత్రి ప్రైవేటుది, మాకు సంబంధం లేదు" అన్న మాట మీకు వినిపించవచ్చు. దానికి జవాబు బ్రెజిల్ కేసులో ఉంది. 2002లో అలీన్ ద సిల్వా పిమెంటెల్ అనే 28 ఏళ్ల గర్భిణి, ఆఫ్రికన్ సంతతికి చెందిన పేద మహిళ, సకాలంలో సరైన చికిత్స అందక చనిపోయింది. ఒక ప్రైవేటు కేంద్రంలో మొదలైన నిర్లక్ష్యం, పెద్దాస్పత్రికి తీసుకెళ్లే అంబులెన్సు కోసం గంటల తరబడి నిరీక్షణ, వెళ్లాక అక్కడ కూడా ఆలస్యం. ఆమె తల్లి ఐరాస మహిళా వివక్ష నిర్మూలన కమిటీని ఆశ్రయించింది. 2011లో కమిటీ తీర్పు చెప్పింది. ప్రైవేటు సంస్థలను అదుపు చేసి పర్యవేక్షించే బాధ్యత ప్రభుత్వానిదేనని, ఆమె ఆడమనిషి కావడం, నల్లజాతి మనిషి కావడం, పేదరాలు కావడం మూడూ కలిసి వివక్షగా పనిచేశాయని చెప్పింది. ప్రసూతి మరణం మీద ఒక అంతర్జాతీయ ఒప్పంద కమిటీ ఇచ్చిన మొదటి తీర్పు అది.

ఇంకో మాట. బాధ్యులను వెతికేటప్పుడు ఎదురుగా కనిపించే నర్సు మీద, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త మీద కోపం చూపకండి. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తూ, ఇవ్వని మందులకు తిట్లు తినేది వాళ్లే. వాళ్లకు రక్షణ, జీతం, సరఫరా లేకపోవడం కూడా హక్కుల సమస్యే. మీరు గౌరవంగా కూర్చుని అడిగితే స్టాకు ఎప్పుడు ఆగిపోయిందో, ఎన్నిసార్లు పైకి రాశారో చెప్పగలిగేది కూడా వాళ్లే.

"నిధులు లేవు" అన్నప్పుడు ఏం చేయాలి

ఈ మాటకు అడ్డంపడి "అబద్ధం" అనడం సరికాదు, మౌనంగా లేచి రావడమూ సరికాదు. ఆరోగ్య హక్కును అంచెలంచెలుగా, ఉన్న వనరులన్నీ పెట్టి సాధించాలని ఒడంబడిక చెబుతుంది. అంటే అన్నీ రేపే కావాలని అడగలేం. కానీ కొన్ని బాధ్యతలు వాయిదా వేయడానికి వీల్లేనివి. వివక్ష చూపకపోవడం వాటిలో ఒకటి. అందరికీ కనీస ఆహారం, కనీస నీరు, తప్పనిసరి మందులు అందేలా చూడటం, ఒక ప్రణాళిక వేసుకుని నడవడం కూడా అంతే. ఉన్న సేవలను వెనక్కి తగ్గిస్తే ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో ప్రభుత్వమే రుజువు చేసుకోవాలి.

దక్షిణాఫ్రికాలో రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే ఈ గీత ఎక్కడుందో తెలుస్తుంది. 1997లో సూబ్రమొనీ అనే కిడ్నీ రోగి డయాలిసిస్ కోసం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు. యంత్రాలు తక్కువ. ఎవరికి ఇవ్వాలో ఆస్పత్రి ముందే నియమాలు రాసుకుని అందరికీ ఒకేలా అమలు చేసింది. కోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేకపోయింది. కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు. చదవడానికి కష్టంగా ఉండే తీర్పు అది. అయితే కొరత నిజమై, పంపిణీ న్యాయంగా ఉంటే కోర్టు ఆగిపోతుందన్నది తెలుసుకోవాలి.

రెండోది 2002లో వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా తగ్గించే నెవిరపీన్ మందును తయారీ కంపెనీ ఐదేళ్లు ఉచితంగా ఇస్తానంది. ప్రభుత్వం మాత్రం ఒక్కో రాష్ట్రానికి రెండే కేంద్రాల్లో ఇస్తామని గిరిగీసింది. మిగతా ఆస్పత్రుల డాక్టర్లు ఇవ్వగలిగీ, ఇవ్వాలనుకునీ ఇవ్వలేకపోయారు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ప్రజా సంస్థ కోర్టుకెళ్లింది. మందు ఖరీదు అడ్డంకి కాదనీ, చాలాచోట్ల సిబ్బంది ఉన్నారనీ, ఆపుతున్నది విధానమేననీ డాక్టర్ల ప్రమాణ పత్రాలతో చూపించింది. ఆంక్షలు తీసేయమని కోర్టు ఆదేశించింది.

ఈ రెండిటి నుంచి మీరు చేయాల్సిన పని తేలుతుంది. కొరత నిజమా, లేక నిర్ణయమా అన్నది కాగితాలతో చూపించాలి. బడ్జెట్ పుస్తకం తెరవండి. నీటి సరఫరాకు కేటాయించింది ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత, ఏడాది చివర్లో ఎంత తిరిగి వెళ్లిపోయింది, ఏ వార్డుల్లో ఖర్చయింది? కేటాయించిన డబ్బు మిగిలిపోయి మీ పేటకు పైపు రాలేదంటే "నిధులు లేవు" అన్న జవాబు అక్కడితో ముగిసిపోతుంది. బడ్జెట్ చదవడం మొదట్లో తలనొప్పిగా ఉంటుంది. లెక్కలు తెలిసిన ఒక టీచరునో, రిటైరైన ఆడిటరునో పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రజారోగ్యం పేరుతో ఆంక్షలు పెడితే

కొన్నిసార్లు సమస్య సేవ అందకపోవడం కాదు, ప్రజారోగ్యం పేరు చెప్పి మనుషులను బంధించడం. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్లేగు భయంతో చైనాటౌన్ చుట్టూ కాపలా పెట్టారు. ఆ గీతను మెలికలు తిప్పి తెల్లవాళ్ల ఇళ్లు, దుకాణాలు బయట ఉండేలా గీశారు. జూ హో అనే కిరాణా వ్యాపారి కోర్టుకెళ్లాడు. జబ్బు లేని వేలమందిని రోగుల మధ్య కుక్కితే వ్యాధి పెరుగుతుందే తప్ప తగ్గదనీ, ఇది ఒక జాతి మీదే అమలైన నియమమనీ కోర్టు దాన్ని కొట్టేసింది. 2014 ఆగస్టులో ఎబోలా సమయంలో లైబీరియా రాజధానిలోని వెస్ట్ పాయింట్ అనే పేదల వాడను ఉన్నట్టుండి దిగ్బంధించారు. తిండీ నీళ్లూ దొరక్క జనం తిరగబడ్డారు, కాల్పుల్లో ఒక బాలుడు చనిపోయాడు. పది రోజులకే దిగ్బంధం ఎత్తేశారు.

ఆంక్షలే వద్దనడం సరికాదు. అంటువ్యాధిని ఆపడం కూడా హక్కుల బాధ్యతే. ఆంక్షలను ఎలా పరీక్షించాలో 1984లో ఇటలీలోని సిరకూసాలో న్యాయ నిపుణులు రూపొందించిన సూత్రాలు చెబుతాయి. వాటిని ప్రశ్నలుగా మార్చుకోండి. ఈ ఆంక్షకు చట్టం ఉందా? దేనికోసం పెట్టారో చెప్పారా? ఇది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారముందా? ఇంతకంటే తక్కువ బాధ పెట్టే మార్గం ఉందా? అందరికీ ఒకేలా అమలవుతోందా? ఎప్పుడు ముగుస్తుంది, ఎవరు సమీక్షిస్తారు? నేనైతే ఇంకో ప్రశ్న కూడా కలుపుతాను. లోపల ఉన్నవాళ్ల తిండి, నీళ్లు, కూలి, మందుల సంగతి ఎవరు చూస్తున్నారు?

భయపెడితే జబ్బు దాక్కుంటుంది. 1980ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ కార్యక్రమాన్ని నడిపిన డాక్టర్ జోనథన్ మాన్ దీన్నే పట్టుబట్టి చెప్పాడు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఉద్యోగాల నుంచి, ఇళ్ల నుంచి తరిమేస్తే మిగతావాళ్లు పరీక్షకే రారు. వాళ్ల హక్కులు కాపాడితేనే వ్యాధిని అదుపు చేయగలం.

బాధితుల మాటలు సేకరించేటప్పుడు

ఇక్కడ తొందరపడితే మనమే హాని చేస్తాం. ఎవరి కథ రాస్తున్నారో వాళ్లకు అది ఎక్కడికి వెళుతుంది, ఎవరు చదువుతారు, దానివల్ల ఏం ఇబ్బంది రావచ్చు అన్నది ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఒప్పుకున్నాక మనసు మార్చుకునే స్వేచ్ఛ కూడా వాళ్లకుండాలి. పేర్లు, ఫోటోలు అవసరమైతే తప్ప వాడొద్దు. మానసిక జబ్బులు, హెచ్‌ఐవీ, గర్భస్రావం, లైంగిక హింస విషయాల్లో అసలే వాడొద్దు. చిన్న ఊళ్లో పేరు తీసేసినా వీధి, వయసు, వృత్తి కలిపితే మనిషి తెలిసిపోతారు. అవీ మార్చండి, మార్చామని రాయండి. పేర్లున్న జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఏడుస్తున్న తల్లిని కెమెరా ముందు నిలబెట్టొద్దు. సమావేశాలు పెట్టేటప్పుడు మాట్లాడేవాళ్లు పేట పెద్దలే కాకుండా చూడండి. నీళ్లు మోసేది, పిల్లలను ఆస్పత్రికి ఎత్తుకెళ్లేది ఆడవాళ్లైతే అర్జీలో మొదటి మాట వాళ్లదే కావాలి.

అర్జీ రాయడం

ఒక పేజీ దాటకుండా చూడండి. ఏం జరుగుతోంది, ఏ నియమం ప్రకారం తప్పు, ఏం కావాలి, ఎప్పటిలోగా. ఇలా ఉండొచ్చు:

"మా పేటకు తాగునీరు తెచ్చే పైపు పగిలి మురుగు కాల్వలోంచి వెళుతోంది. పిల్లలకు పదేపదే విరేచనాలవుతున్నాయి, ఇంటింటి వివరాలు జతచేశాం. ఇళ్లకు కాగితాల్లేవన్న కారణంతో మమ్మల్ని పైపుల మార్పిడి జాబితాలో చేర్చలేదు. ఇది వివక్ష. మన దేశం ఒప్పుకున్న ఒడంబడిక ప్రకారం ఇంటి స్థలం హోదాను బట్టి నీటిని నిరాకరించకూడదు. పైపు మార్చేదాకా రేపటి నుంచే శుద్ధమైన నీటిని ట్యాంకర్లతో ఇవ్వండి. పైపు ఏ తేదీకి మారుస్తారో రాతపూర్వకంగా చెప్పండి. జాబితా తయారుచేసిన నియమాల నకలు ఇవ్వండి. ఆ నియమం మార్చే సమావేశంలో మా ప్రతినిధులకు చోటివ్వండి."

అందినట్టు ముద్ర వేయించుకోకుండా రావొద్దు. నకళ్లు రెండు మూడు చోట్ల దాచండి.

జవాబు రాకపోతే పై మెట్లు

మొదట శాఖలోనే పై అధికారికి, తర్వాత స్థానికంగా ఎన్నికైన ప్రతినిధులకు. అక్కడా కదలకపోతే జాతీయ మానవ హక్కుల సంఘం, లేదా లోకాయుక్త లాంటి సంస్థ. దేశాన్ని బట్టి పేరు మారుతుంది. వీటి ఆదేశాలను ప్రభుత్వాలు ఎప్పుడూ పాటించాలని లేదు గానీ వాళ్లు విచారణ మొదలుపెడితే ఫైళ్లు బయటికొస్తాయి. కోర్టుకు వెళ్లాలంటే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందేమో ముందు కనుక్కోండి. ఒక్క మనిషి నష్టపరిహారం కోసం వెళ్లాలా, విధానం మార్చమని అందరి తరఫునా వెళ్లాలా అన్నది లాయరుతో తేల్చుకోండి.

అంతర్జాతీయ దారులు నెమ్మదైనవి. అయినా వదిలేయొద్దు. ఆరోగ్య హక్కు మీద ఐరాస ప్రత్యేక ప్రతినిధి పదవి 2002 నుంచి ఉంది. ఎవరైనా రాయొచ్చు. మీ దేశం ఒప్పందాన్ని ఆమోదించి ఉండక్కర్లేదు, ముందు మీ దేశంలోని కోర్టులన్నీ తిరిగి ఉండక్కర్లేదు. ఒడంబడిక కింద వ్యక్తిగత ఫిర్యాదు చేయాలంటే మాత్రం 2013లో అమల్లోకి వచ్చిన అదనపు ఒప్పందాన్ని మీ దేశం ఆమోదించి ఉండాలి, దేశంలోని దారులన్నీ ముందు ప్రయత్నించి ఉండాలి. ఇవి కాక 2008 నుంచి ప్రతి దేశపు మానవ హక్కుల పరిస్థితిని మిగతా దేశాలు నాలుగైదేళ్లకోసారి సమీక్షిస్తున్నాయి. దానికి ప్రజా సంస్థలు కూడా నివేదిక పంపొచ్చు. ఒక సంస్థ పంపితే 2,815 పదాలు దాటకూడదు. మీ పేట సర్వే, బడ్జెట్ లెక్క, అందినట్టు ముద్ర వేసిన అర్జీలు, రాని జవాబుల తేదీలు ఇందులో చక్కగా ఇముడుతాయి.

ఆదేశం వచ్చాక

ఇంటి హక్కు మీద ప్రపంచమంతా చెప్పుకునే తీర్పును ఐరీన్ గ్రూట్‌బూమ్ 2000లో దక్షిణాఫ్రికాలో సాధించింది. 2008లో చనిపోయేనాటికి ఆమెకు సరైన ఇల్లు రాలేదు, గుడిసెలోనే ఉంది. అందుకే ఆదేశం చేతికొచ్చిన రోజే అమలును ఎవరు గమనిస్తారో నిర్ణయించుకోండి. ప్రతి నెలా నీటి నాణ్యత పరీక్ష ఫలితం పేటలో అంటించమని అడగండి, లేదా మీరే పరీక్ష చేయించండి. మొదట చేసిన ఇంటింటి సర్వేను అవే ప్రశ్నలతో అవే రెండు పేటల్లో ఏడాది తర్వాత మళ్లీ చేయండి. కేసులు తగ్గకపోతే ఆ కాగితాలతో ఆదేశమిచ్చిన చోటికే తిరిగి వెళ్లండి. తగ్గితే, కాగితాల్లేని ఇళ్లను తీసేసే నియమం మిగతా పథకాల్లో, అంటే టీకాల జాబితాలో, పింఛన్లలో, రేషన్‌లో ఇంకా ఉందేమో చూడండి. ఉంటే తర్వాతి అర్జీ దాని మీదే.